బంతి ముందు మామకు

ఆటగాడు శిక్షకుడు కావాలంటే ముందు మోకాలైనా పోగొట్టుకోవాలి, లేదా ముసలివాడైనా కావాలి అని నేను చాలాకాలం నమ్మాను. మా ఊళ్లో ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడు శిక్షకుడైన తీరు చూశాక ఆ నమ్మకాన్ని సవరించుకోవలసి వచ్చింది. ఆయన మోకాళ్లు సవ్యంగానే ఉన్నాయి. వయసు కూడా ఆటకు తగినదే. లేనిదల్లా అర్హత. దాన్ని ఒక నిబంధన ఒక్క సాయంత్రంలో తీసేసింది. మిగిలిన మనిషిని వృథా పోనివ్వడం ఇష్టంలేక మా పెదనాన్న శిక్షకుణ్ని చేశాడు.

ఆయనది లిథువేనియా. సరుకు ఓడలో యంత్రాల పని చేస్తూ వచ్చి, ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని మా రేవులో శనక్కాయల బస్తాలు ఎక్కించుకోవడానికి ఓడ ఆగినప్పుడు, విషజ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. ఓడకు జ్వరం లేదు గనుక అది వెళ్లిపోయింది. కోలుకునే రోజుల్లో ఆయన సముద్రపు ఒడ్డున తెల్లవాళ్ల క్రీడాసంఘం మైదానం పక్కన నిలబడి వాళ్ల ఆట చూసేవాడు. ఒకనాడు బంతి గీత దాటి ఆయన కాళ్ల దగ్గరికి దొర్లితే, అక్కడినుంచే దాన్ని బుట్టలో వేసి, క్షమించమన్నట్టు తల వంచి వెళ్లిపోయాడట. ఆ సంగతి తెల్లవాళ్ల పేటకూ మాకూ నడుమనున్న కాలువ దాటి మా బజారుకు వచ్చేలోగా ఆ దూరం కొంత పెరిగింది. మా పెదనాన్న చెవిన పడేసరికి ఆయన ఇంచుమించు రేవు మీదనుంచే వేశాడు.

పెదనాన్న శనక్కాయల వ్యాపారి. బజారులోని తెలుగు వర్తకుల పిల్లలం కలిసి పెట్టుకున్న యువజన సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆ సంఘం పుట్టింది చర్చల కోసం. కళాశాలలో వాదోపవాదాలు నేర్చి వచ్చిన నేను దానికి కార్యదర్శిని. ఆచారం గొప్పదా, హేతువు గొప్పదా అన్న విషయం మీద మేము సాయంత్రాలు తర్కించి, హేతువే గొప్పదని తీర్మానించి, ఆచారం ప్రకారం కాళ్లు కడుక్కుని భోజనాలకు వెళ్లేవాళ్లం. అయితే అంతకు ముందు ఏడు జూలైలో తమ జాతీయ పండుగనాడు తెల్లవాళ్లు మా పెద్దలకు చివరి వరుసలో కుర్చీలు వేశారు. అప్పటినుంచి పెదనాన్నకు వాళ్లను ఏదో ఒకదానిలో ఓడించాలన్న పట్టుదల కలిగింది. వ్యాపారంలో ఎప్పుడో ఓడించాడు గాని, వ్యాపారానికి చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు.

ఆ లిథువేనియా మనిషిని ఇంటికి పిలిపించారు. ఆయనకు వచ్చిన ఫ్రెంచి కొద్దిగా, నాకు వచ్చినది పుస్తకాల్లోది. అందువల్ల మధ్యవర్తిని నేనే.

"ఈయన దేశం యాడుండాది? ఫ్రాన్సులోనా?" అని అడిగాడు పెదనాన్న.

కాదన్నాడు.

"ఇంగిలీసోళ్లదా?"

అదీ కాదన్నాడు.

"మరి ఎవురేలతారంట?"

నేను అడిగి తెలుసుకుని, వాళ్లను వాళ్లే ఏలుకుంటారట అని చెప్పాను.

"పాపం," అన్నాడు పెదనాన్న, "అంత చిన్న దేశమా."

రంగును బట్టి బజారు ఆయనకు దొర అని పేరు పెట్టింది. ఏలడానికి ఆయన దగ్గర ఒక చెక్కపెట్టె తప్ప ఏమీ లేదు. అప్పటికే యుద్ధం మొదలై ఉన్నందున, పరదేశి ఎవరైనా మా ఊళ్లో ఉండాలంటే ఊరి పెద్దమనిషి ఒకరు పోలీసు కచేరిలో ఆయనకు పూచీ పడాలి. పెదనాన్న పూచీ పడ్డాడు. ఆ అనుమతి మరుసటి ఏడు వానలకు ముందు ముగుస్తుంది. ఈలోగా దొర మా పక్షాన ఆడి తెల్లవాళ్లను ఓడించాలన్నది ఒప్పందం.

పోటీకి మా సవాలు అందిన సాయంత్రమే తెల్లవాళ్ల సంఘం నుంచి జవాబు వచ్చింది. ఫ్రెంచి పాలనలోని ప్రజలు తప్ప ఇతరులు ఆడకూడదట. ఏనాడూ మమ్మల్ని తమ ప్రజలుగా లెక్కపెట్టనివాళ్లు ఆ ఒక్క సాయంత్రం లెక్కపెట్టారు. నేను ఆ నిబంధనలోని అసంబద్ధతను ఖండిస్తూ మాట్లాడాను. పెదనాన్న విని, గానుగకు పనికిరాని ఎద్దును బండికి కట్టడం లేదా అన్నాడు.

"ఆడనియ్యకపోతే ఆడించమని చెప్పు."

అలా ఆయన ఆటగాడి జీవితం ముగిసింది. నేను ఫ్రెంచిలోకి మార్చి చెప్పినప్పుడు దొర చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. తమ ఊళ్లో రైలు బండ్ల కర్మాగారం జట్టులో తాను ఆడేవాణ్ననీ, వాళ్లలో ఇద్దరు తనకంటే మెరుగనీ, తమ శిక్షకుడు బొచ్చుటోపీ పెట్టుకుని బల్ల మీద కూర్చునే ముసలాయన అనీ చెప్పాడు. ఆ బల్ల మీదికి తాను ఇంత త్వరగా చేరతానని అనుకోలేదట. పైగా మా దగ్గర బల్ల కూడా లేదు. పెదనాన్నది శనక్కాయలు ఎండబెట్టే సున్నపు కళ్లం ఒకటి ఉంది. కాయ లేని రోజుల్లో అదే మా మైదానం.

జట్టును కూర్చడంలో మొదటి చిక్కు వచ్చింది. మా బజారు పిల్లలు సమానత్వం గురించి ఎంతసేపైనా మాట్లాడగలరు గాని, పొట్టి లాగులు వేసుకుని జనం ముందు పరుగెత్తడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. చివరికి ఆటగాళ్లంతా ఊరి చివర ముదలియార్‌పేటలో మిల్లు పనికి పోయే తెలుగు ఇళ్లవాళ్లు. అందరిదీ ఒకే వీధి, అందరూ ఒకరికొకరు ఏదో ఒక వరస. వాళ్లలో పెద్దవాడు నేతశాలలో మేస్త్రీ. మంచి పొడగరి. వీధిలో సగం మందికి సొంత మేనమామ. మిగిలినవాళ్లు వరస తెలియక మామా అనేవాళ్లు. ఆయన అక్క కొడుకు ఒకడు, సన్నగా ఉండేవాడు, బంతి విసిరితే బుట్టలో పడక తప్పదు.

ఆ విసరడమే జరగదని మొదటి రోజే తెలిసింది. ఎక్కణ్నుంచి బయలుదేరినా బంతి చివరికి మామ చేతికే వెళ్లేది. మామ చేతులు మగ్గాలను లొంగదీసిన చేతులు, బుట్టకు మాత్రం పనికిరావు. మేనల్లుడు బుట్టకు ఎదురుగా, ఒంటరిగా, ఏ అడ్డూ లేకుండా నిలబడి కూడా మామ ఎక్కడున్నాడో వెతికి ఇచ్చేవాడు. దొర ఈల ఊది, నువ్వెందుకు వెయ్యలేదని నాచేత అడిగించాడు.

"మామ చేతులు ఖాళీగా ఉండంగ నేనెట్ట ఏసేది?" అన్నాడు మేనల్లుడు.

విందులో మామకు వడ్డించకముందే అల్లుడు ముద్ద నోట పెట్టుకోడు. వాళ్ల దృష్టిలో బంతి కూడా అలాంటిదే. కళాశాలలో నేను నేర్చిన వాదానికి తగిన సందర్భం ఇదేనని నేను గ్రహించాను. కళ్లం మధ్యకు వెళ్లి, గీత లోపల వయసు లేదనీ వరస లేదనీ, సామర్థ్యమొక్కటే ప్రమాణమనీ, పుట్టుకతో వచ్చే గౌరవం హేతువుకు నిలవదనీ క్రమంగా వివరించాను. అందరూ నిలబడి మర్యాదగా విన్నారు. తాను అడిగింది ఒక్క మాటే కదా, ఇంతసేపు ఏం చెప్పావని దొర నన్ను అడిగాడు.

"సామీ," అన్నాడు మామ నాతో, "ఈ గీత లోపల నేను మామను గాను, సరి. గీత దాటినంక మళ్లా అవతానా? ఇంటికి పొయ్యేలోపల అయితే చాలు, లేకుంటే మా అక్క తంతాది."

"మీ పెదనాన్నను గీత లోపలికి పిలువు," అని ఎవరో వెనకనుంచి అన్నారు. "నువ్వు ఆయన చేతిలో బంతి గుంజుకుని చూపియ్యి, మేమూ నేర్చుకుంటాం."

ఆ వాదానికి నా దగ్గర జవాబు ఉంది. కాని అది ఆచరణతో కూడిన జవాబు గనుక ఇవ్వలేదు.

కొన్ని వారాలు ఇలాగే నడిచాక దొర నా ఉపన్యాసాలు ఆపించాడు. ఒకనాడు కళ్లం మీద సుద్దతో ఆటగాళ్లను సున్నాలుగా గీసి, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పమన్నాడు. బావలు, మరుదులు, అన్నదమ్ముల పిల్లలు, ఒకరికొకరు గీతలు కలుపుతూ పోతే ఆ సుద్దబొమ్మ చివరికి సాలెగూడులా తయారైంది. దొర దాని చుట్టూ తిరిగి చూసి, తమ జట్టులో కూడా ఇలాంటిదే ఒకటి ఉండేదనీ, దాన్ని అక్కడ ఎత్తుగడ అనేవాళ్లమనీ అన్నాడు. ఆనాటినుంచి ఆయన ఆటగాళ్లెవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పదలచినదంతా మామకే చెప్పాడు. అదీ మామా అని పిలిచి చెప్పాడు. ఆయన నేర్చిన మొదటి తెలుగు మాట అదే. రెండవది పెదనాన్నా. అధ్యక్షుణ్ని నేను అలా పిలవడం విని, అది పదవి పేరనుకున్నాడు. పెదనాన్న మొదటిసారి ఉలిక్కిపడ్డాడు గాని, ఇంటికి వచ్చిన పరదేశిని సరిదిద్దడం మర్యాద కాదని "ఏంది నాయనా" అని పలికాడు. తరువాత అలవాటైపోయింది. పెద్దమ్మ పండుగల్లో ఆయనకు విస్తరి వేయించేది. ఆవకాయ తిని కన్నీళ్లు పెట్టుకున్నప్పుడు ఆయనకు తల్లి గుర్తొచ్చిందని ఆమె నమ్మింది.

దొర పథకం ఇది. బంతి ఎప్పుడూ మామకే వెళుతుందని బజారు కబుర్ల వల్ల తెల్లవాళ్లకు ఈపాటికే తెలిసే ఉంటుంది, కాబట్టి వాళ్లంతా ఆయన చుట్టూ మూగుతారు. మేనల్లుడు వెయ్యనన్నది మామ మీది గౌరవంతో. అదే మామ వెయ్యమని ఆజ్ఞాపిస్తే కాదనడం అగౌరవం. కనుక మామ బుట్ట కింద నిలబడి, చెయ్యెత్తి, ఏయ్‌రా అనాలి. నేను ఒక సిద్ధాంతంతో పడగొట్టలేని గోడకు ఆయన ఒక తలుపు పెట్టాడు. సిద్ధాంతపరంగా ఇది లొంగుబాటేనని నేను ఆయనకు ఫ్రెంచిలో చెప్పాను. ఆయన ఒప్పుకుని ఈల ఊదాడు.

ఆ వేసవిలో పారిస్ శత్రువుల వశమైందన్న వార్త వచ్చింది. కాలువ అవతల కిటికీ తలుపులు చాలా రోజులు మూసే ఉన్నాయి. ఇంచుమించు అదే రోజుల్లో లిథువేనియాలోకి పొరుగు సైన్యం నడిచి వచ్చిందన్న వార్త పత్రిక లోపలి పుటలో నాలుగు పంక్తులుగా పడింది. నేనే చదివి చెప్పాను. దొర బంతిని నేలకు కొడుతూ విన్నాడు, కొట్టడం ఆపలేదు. పెదనాన్నకు నిజంగానే జాలి కలిగింది.

"దిగులుపడొద్దని చెప్పు. ఇంక ఈయన గూడా మన మాదిరే గదా."

ఆ మాటను నేను మార్చకుండా చెప్పాను. దొర కొంత ఆలోచించి, మీకు ఇలా అయి ఎంతకాలమైంది అని అడిగాడు. మా ముత్తాతకు కూడా జ్ఞాపకం లేనంత అన్నాను. ఆయన వెళ్లి ఒంటరిగా బుట్టలో బంతి వేసుకుంటూ ఉండిపోయాడు.

ఇక ఆయన పరిస్థితి ఎవరికైనా అర్థమయ్యేదే. వానలకు ముందు పెదనాన్న మళ్లీ పూచీ పడితే ఊళ్లో ఉంటాడు. లేకపోతే రేవుకు వచ్చిన మొదటి ఓడ ఎక్కిస్తారు. ఆ ఓడ ఆయన్ను ఎక్కడ దించాలో ఎవరికీ తెలియదు. సరిగ్గా ఈ సమయంలో పెదనాన్న బజారులో, తోటి వర్తకుల ముందు, గెలిస్తేనే పూచీ, ఓడితే ఓడే అని ప్రకటించాడు. కోపంతో అన్న మాట కాదు. ఆటకు పందెం ఉండాలని ఎవరో అంటే, అందరికీ కనిపించే పందెంగా ఆయనకు దొర కనిపించాడు.

పోటీ తెల్లవాళ్ల మైదానంలో జరిగింది. మా పెద్దలకు ఈసారి కూడా కుర్చీలు చివరి వరుసలోనే వేశారు, కాకపోతే మైదానానికి నాలుగు వైపులా ఒకే వరుస ఉన్నందున వాళ్లు ముందు కూర్చున్నట్టే కనిపించారు. మొదటి సగం దొర చెప్పినట్టే నడిచింది. తెల్లవాళ్లు మామను చుట్టుముట్టారు. మామ వాళ్ల తలల మీదుగా చెయ్యెత్తి, "నా మాటరా, ఏయ్" అన్నాడు. మేనల్లుడు వేశాడు. మళ్లీ చెయ్యెత్తాడు, మళ్లీ వేశాడు. ముదలియార్‌పేట నుంచి వచ్చినవాళ్లు గోడలెక్కి ఈలలు వేశారు. పెదనాన్న లేచి నిలబడి, అలా నిలబడటం బాగుండదని కూర్చుని, మళ్లీ లేచాడు.

మామకు మాత్రం ఒక అలవాటు ఉంది. మిల్లు గేటు దగ్గర జనాన్ని తోసుకుపోయినట్టు ఎదుటివాళ్ల రొమ్ము మీద చెయ్యి వేసి పక్కకు జరుపుతాడు. ఆటలో అది ఫౌలు. ఆట చివరికి వస్తుండగా రిఫరీగా ఉన్న ఫ్రెంచి వైద్యుడు ఆయన ఫౌళ్లు హద్దు దాటాయని బయటికి పంపేశాడు. మామ వచ్చి గీత బయట, దొర పక్కనే నిలబడ్డాడు. అప్పటికి మేము ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఆట ముగియబోతోంది. మేనల్లుడికి బంతి దొరికింది. ఎదురుగా బుట్ట, మధ్యలో ఎవరూ లేరు. మామ గీత బయటనుంచి చెయ్యెత్తాడు.

మేనల్లుడు ఆ చెయ్యి చూశాడు. మామ చుట్టూ ఈసారి మూగినవాళ్లెవరూ లేరు, ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎంతో గౌరవంగా, రెండు చేతులతో, బంతిని ఆయనకు విసిరాడు. ఆ రోజు మొత్తం మీద మామ అంత చక్కగా పట్టుకున్న బంతి మరొకటి లేదు.

ఆట ముగిసిందని వైద్యుడు ఈల ఊదాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. దొర ముఖాన్ని చేతులతో కప్పుకుని నేల మీద కూర్చున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకుని దగ్గరికి వెళ్లాను. నవ్వుతున్నాడు. ఆ నవ్వు చాలాసేపు సాగి, తరువాత దానంతట అది నవ్వు కాకుండా పోయింది.

మర్నాటి సాయంత్రం పెదనాన్న ఇంటి నడవలో సంఘం సమావేశమైంది. బజారు వర్తకులూ వచ్చారు. తెల్లవారితే కచేరికి వెళ్లాలి. దొర గడప పక్కన నిలబడ్డాడు. మామను కూడా పిలిపించారు. నేను లేచి మాట్లాడాను. గురువు బాధ్యత శిష్యుడి చెయ్యి దగ్గర ఆగిపోతుందనీ, ఫలితాన్ని బట్టి ప్రయత్నానికి విలువ కట్టడం న్యాయానికి విరుద్ధమనీ, మనిషిని పందెంలో ఒడ్డే హక్కు ఎవరికీ లేదనీ, దేశం లేనివాణ్ని సముద్రం మీదికి పంపడం ఏ నీతిలోనూ ఇమడదనీ చెప్పాను. కళాశాలలో అయితే ఆ ప్రసంగానికి బహుమతి వచ్చేది.

"బాగా మాట్లాడినావురా," అన్నాడు పెదనాన్న. "కాలేజీకి పంపించింది వృథా గాలా. కానీ నేను బజార్లో మాటిచ్చినా. మాట తప్పినోడికి రేపు శనక్కాయల బస్తా ఎవురిస్తారు?"

ఒక మాట అన్యాయమైనప్పుడు దాన్ని తప్పడమే ధర్మమని నేను అన్నాను. అట్లయితే ఏది అన్యాయమో మాట ఇవ్వకముందే చెప్పి ఉండాల్సిందన్నాడు. తరువాత మామ వైపు తిరిగి, గీత బయట ఉన్నవాడు బంతి ఎందుకు పట్టుకున్నావని నిలదీశాడు.

"బయట నిలబడితే మాత్రం మామను గాకుండా పోతానా పెద్దయ్యా? బిడ్డ ఇచ్చినాడు, పట్టుకున్నా. వొద్దని కింద పడేసేదా?"

పెదనాన్న తల అడ్డంగా ఊపాడు. దొరకు మా మాటలు అర్థం కాలేదు గాని ఆ తల ఊపు అర్థమైంది. రెండడుగులు ముందుకు వచ్చాడు. ఆ రోజు ఆయనకు నా అనువాదం అక్కర్లేకపోయింది.

"పెదనాన్నా, నేను పోతా."

"ఏంది నాయనా," అన్నాడు పెదనాన్న, అలవాటుగా.

అప్పుడు లోపలి గుమ్మం దగ్గరనుంచి పెద్దమ్మ గొంతు వినబడింది. సంఘ సమావేశాల్లో ఆమె మాట్లాడటం అదే మొదలు.

"ఏడాదిగా ఆ పిల్లోడు పెదనాన్నా అంటే మీరు నాయనా అంటా ఉండారు. ఒక దినమన్నా కాదన్లేదు. ఇప్పుడు గూడా అన్నారు. బజార్లో ఇచ్చిన మాట ఒకటుంది, సరి. ఇంట్లో ఇచ్చింది మాట గాదా? కొడుకు వరసోణ్ని ఓడెక్కించినారంటనే అని మా పుట్టింటోళ్లు అడిగితే నేనేం జెప్పేది?"

వర్తకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బేరంలో మాట తప్పిన మనిషిని బజారు కొంతకాలానికి క్షమిస్తుంది. ఇంటి పిల్లవాణ్ని వెళ్లగొట్టిన మనిషికి పిల్లనిచ్చేవాళ్లు ఉండరు.

"నన్ను మామా అంటాడు, మిమ్మల్ని పెదనాన్నా అంటాడు," అన్నాడు మామ మెల్లగా. "మనం ఎప్పుడు వియ్యమందినామో నాకు తెలీలా పెద్దయ్యా."

"నువ్వు గమ్మునుండు," అన్నాడు పెదనాన్న. కాని ఆ మాటతో సమావేశం ముగిసినట్టు అందరికీ తెలిసిపోయింది.

పిలుపు ఒప్పందం కాదు. పొరపాటున మొదలైన సంబోధన వల్ల బాధ్యతలు పుట్టవు. పుడితే, బజారులో అయ్యా అన్న ప్రతివాడికీ మనం తండ్రులం కావలసి వస్తుంది. పెద్దమ్మ వాదంలోని లోపాలన్నీ నాకు వరుసగా కనిపించాయి. వాటిని వివరించడానికి సభలో నాకంటే అర్హుడు లేడు. నేను కూర్చునే ఉన్నాను.

మర్నాడు కచేరిలో అధికారి అలసిన ముఖంతో, ఈ మనిషికి ఈ ఊళ్లో ఎవరు బాధ్యులు, ఏ సంబంధంతో, అని అడిగాడు. పోయిన ఏడాది సంఘం ఉద్యోగి అని చెప్పాం. ఈసారి ఓడిన సంఘానికి శిక్షకుడెందుకని అడుగుతాడేమోనని నేను జవాబు సిద్ధం చేసుకుంటుండగా పెదనాన్న గొంతు సవరించుకున్నాడు.

"మా తమ్ముడి కొడుకని చెప్పు."

పెదనాన్నకు ఉన్న తమ్ముడు ఒక్కడే. ఆయన మా నాన్న. అసత్యాన్ని ఏ రూపంలోనూ సమర్థించనని సంఘం ప్రారంభసభలో ప్రతిజ్ఞ చేసిన నేను, వ్యాకరణ దోషం లేకుండా దాన్ని ఫ్రెంచిలోకి మార్చాను. అధికారి దొర గడ్డిరంగు జుట్టును చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ దొరను చూశాడు. కాని పారిస్ చేజారిన ఆ వేసవి తరువాత, ఎవరికి ఎవరు బాధ్యులన్న ప్రశ్నను మరీ లోతుగా తవ్వే ఉత్సాహం ఆ కచేరిలో ఎవరికీ మిగల్లేదు. ఆయన సంతకం చేసి, కాగితం మీద ముద్ర వేయించాడు.

మెట్ల మీద దొర, లోపల ఏం చెప్పావని అడిగాడు. చెప్పాను. ఆయన నిలబడిపోయి, మన ఇద్దరిలో పెద్దవాడెవరని విచారించాడు. ఆయనే. ఆ మాట విన్న వెంటనే భుజానికున్న బంతుల సంచి తీసి నా భుజానికి తగిలించాడు. సమాన హక్కులు గల సోదరుల మధ్య బరువును పంచుకోవలసిన పద్ధతి గురించి నేను మొదలుపెట్టేసరికి ఆయన కాలువ వైపు నడక సాగించాడు. కళ్లంలో జట్టు ఎదురుచూస్తోంది. నాన్నకు ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.